అలారం మోగితే ఏసీ ఆగాలి

2025 మే 18, ఆదివారం. ఉదయం 6 గంటల 16 నిమిషాలకు అగ్నిమాపక శాఖకు ఫోను వెళ్లింది. హైదరాబాద్‌లో చార్మినార్ నుంచి నాలుగడుగులు వేస్తే వచ్చే గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనం అంటుకుంది. కింద నగల దుకాణాలు, పైన కాపురాలు. మొఘల్‌పురా కేంద్రం నుంచి బండి చేరుకునేసరికే కింద పుట్టిన మంట పై అంతస్తులకు పాకింది. ఆ ఉదయం 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. లోపలికి వెళ్లే దారి సొరంగంలా ఉంది, దాని వెడల్పు 2 మీటర్లు, పైకి వెళ్లే మెట్ల వెడల్పు ఒక్క మీటరే అని అధికారులు చెప్పారు. షార్ట్ సర్క్యూట్ కారణం కావచ్చన్నది తొలి అంచనా. ఎక్కువ ప్రాణాలు తీసింది మంట కాదు, పొగ.

నగరంలో అంతకు ముందు జరిగిన ప్రమాదాలు చూసినా వరస ఇదే. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ అంటుకుంటే, పైన లాడ్జిలో ఉన్న 8 మంది పోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగలో చిక్కి ఊపిరాడక 6 మంది పోయారు, అందరూ పాతికేళ్ల లోపు వయసువాళ్లే. అదే ఏడాది నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింద పెట్టిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది పోయారు. మంట పుట్టిన చోటొకటి, మనుషులు పోయిన చోటొకటి. ఆ రెంటినీ కలిపింది మెట్లదారి, దాని గుండా ఎగబాకిన పొగ.

ఇంట్లో పొగ పుట్టిన మొదటి రెండు మూడు నిమిషాల్లో ఏం జరగాలన్నదే ఈ అధ్యాయం. అలారం మోగాలి, అందరూ లేవాలి. ఆ రెంటితో పాటు జరగాల్సిన మూడో పని ఒకటుంది. ఇంట్లో గాలిని కదిలించే యంత్రాలు, అంటే ఏసీలు, కూలర్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, ఎవరూ ముట్టుకోకుండానే వాటంతట అవి ఆగిపోవాలి. పెద్ద హోటళ్లలో, ఆసుపత్రుల్లో ఈ ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. ఇళ్ల విషయంలో దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

పెద్ద భవనాలు ఈ పాఠాన్ని ప్రాణాలిచ్చి నేర్చుకున్నాయి. 1980 నవంబరు 21న అమెరికాలోని లాస్ వెగాస్‌లో ఎంజీఎం గ్రాండ్ హోటల్ కాలింది. కింది అంతస్తు ఫలహారశాలలో ఉన్న కూలింగ్ అల్మారా వైరింగ్ దగ్గర మంట మొదలైంది. అగ్గి కింది అంతస్తులకే పరిమితమైంది. అయినా చనిపోయిన 85 మందిలో ఎక్కువమంది ఎక్కడో పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు. లిఫ్టు గుంతలు, మెట్లు, ఏసీ గొట్టాలు పొగను గదిగదికీ మోసుకెళ్లాయి. ప్రమాదం వేళ గొట్టాలకు అడ్డంగా పడి పొగను ఆపాల్సిన తలుపులు కొన్ని సరిగా పనిచేయలేదు. మన దేశంలో 2011 డిసెంబరు 9న కోల్‌కతా ఏఎంఆర్ఐ ఆసుపత్రిలో మంట పుట్టింది నేలమాళిగలో. పై వార్డుల్లో మంచం దిగలేని రోగులు సుమారు 90 మంది పొగకు బలయ్యారు. పొగను పసిగట్టగానే గాలి యంత్రాలు ఆగిపోవాలని 2016 నాటి జాతీయ భవన నియమావళి పెద్ద భవనాలకు చెబుతున్నదంటే దాని వెనుక ఇలాంటి అనుభవాలున్నాయి.

మరి పాతబస్తీలో మూడంతస్తుల ఇంటి సంగతి? ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణకు వచ్చిన 1999 నాటి అగ్నిమాపక చట్టం ప్రకారం నివాస భవనం 18 మీటర్లకు మించితేనే ఆ శాఖ అనుమతి పత్రం తీసుకోవాలి. శాలిబండ, గౌలిపురా, లాల్‌దర్వాజా, ఛత్రినాక గల్లీల్లోని ఇళ్లు దాదాపు అన్నీ అంతకన్నా పొట్టివే. అంటే అలారం పెట్టమని ఏ అధికారీ వచ్చి తలుపు తట్టడు. పెట్టుకుంటే ఇంటివాళ్లే పెట్టుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇళ్లలో మనం వాడే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. కాబట్టి ఎంజీఎం హోటల్లోలా స్ప్లిట్ ఏసీ ఒక గది పొగను ఇంకో గదికి పంపదు. అలాంటప్పుడు దాన్ని ఆపడం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు ఇంటి నిర్మాణంలో కొంత, కరెంటు తీగల్లో కొంత, మనిషి నిద్రలో కొంత ఉంది.

పాతబస్తీ ఇల్లు మొదట గాలి కోసం కట్టిన ఇల్లు. భవంతి ఇంటి నడుమ ఆకాశం కనిపించే ఖాళీ చోటు ఉండేది. దేవిడీల్లో దాన్నే సెహన్ అనేవారు. గోడల్లో పైకప్పుకు దగ్గరగా రోషన్‌దాన్లు ఉండేవి. వేడి గాలి పైకి లేచి వాటిలోంచి వెళ్లిపోయేది. పొగ పుట్టినా అదే దారి. వాటాలు పడ్డాయి, కుటుంబాలు పెరిగాయి, సెహన్ మీద రేకులు, స్లాబులు పడ్డాయి. ఏసీ వచ్చాక మిగిలిన రోషన్‌దాన్లకు కూడా చెక్కలు కొట్టి, థర్మోకోల్ కుక్కారు. చల్లదనం పోకుండా మూసిన ప్రతి సందూ పొగ పోయే దారిని కూడా మూసేసింది. ఇక ఆ ఇంట్లో నిలువునా తెరిచి ఉన్నది మెట్లదారి ఒక్కటే. కింద దుకాణంలోనో మీటర్ల దగ్గరో మంట పుడితే పొగ అందులోంచే పైకి వస్తుంది.

ఆ సమయంలో పడకగదిలో బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే అది గదిలోని గాలిని బయటికి తోడుతుంది. ఆ లోటు నింపడానికి తలుపు కింది సందులోంచి మెట్ల మీది పొగ గదిలోకి వస్తుంది. పాత విండో ఏసీల్లో గదిలో గాలిని బయటికి పంపే చిన్న వెంట్ మీట ఉంటుంది. అది తెరిచి ఉంటే జరిగేదీ అదే. కిటికీకి బిగించిన కూలర్ ఇంకా సూటిగా పనిచేస్తుంది. కింది నుంచి గోడ వెంట లేస్తున్న పొగను గడ్డిలోంచి లాగి మనిషి ముఖం మీదికే కొడుతుంది. అందుకే ఆపాల్సిన యంత్రాల పట్టికలో కూలరు, ఎగ్జాస్టు ముందుండాలి, ఏసీ వాటి తర్వాత.

ఏసీని ఆపడానికి అసలు కారణం కరెంటు. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 1,500 వాట్లు తింటుంది. మూడు నడిస్తే నాలుగున్నర కిలోవాట్లు. ఏప్రిల్, మే రాత్రుల్లో ఆ భారం గంటల తరబడి ఆగకుండా ఉంటుంది. ముప్పై నలభై ఏళ్ల కింద బల్బులకు, ఫ్యాన్లకు వేసిన తీగలు దాన్ని మోయలేవు. ముందు వేడెక్కేది తీగ నడుమ కాదు, అతుకుల దగ్గర. అంటే వదులైన స్క్రూ, టేపు చుట్టిన ముడి, నల్లబడిన ప్లగ్గు, ఏసీకి పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సు. మంట ఏసీ దగ్గరే పుడితే కరెంటు ఆగడమే దానికి మొదటి మందు. ఇంకెక్కడ పుట్టినా, అగ్గి సోకి తొడుగు కరిగిన తీగల్లో అంత కరెంటు లేకపోవడం ఆర్పడానికి వచ్చినవాళ్లకూ మేలే.

మూడోది నిద్ర. నిద్రలో మనిషి ముక్కు కూడా నిద్రపోతుంది. పొగ వాసనకు మెలకువ వస్తుందన్న నమ్మకం ప్రమాదకరం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మత్తును ఇంకా పెంచుతుంది. ఏసీ గదికి తలుపు వేసి ఉంటుంది, కింద గుడ్డ కుక్కి ఉంటుంది, లోపల ఏసీ హోరు. హాల్లో అలారం 3 మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ మోత పెట్టినా, మూసిన తలుపు దాటి దిండు దగ్గరికి చేరేసరికి బాగా తగ్గిపోతుంది. సన్నని కీచు మోతకు పెద్దవాళ్లు లేచినా పిల్లలు చాలాసార్లు లేవరని పరిశోధనలు చెబుతున్నాయి. 520 హెర్ట్జ్ దగ్గర మోగే బొంగురు మోత వాళ్లను మెరుగ్గా లేపుతుంది. ఏసీ ఉన్నట్టుండి ఆగిపోవడం కూడా ఒక మేలుకొలుపే. హోరు ఆగితే అలారం వినబడుతుంది. మే నెల ఉక్కకు నిద్ర పలచబడుతుంది.

అయితే ఈ ముచ్చట విని తలుపు తెరిచి పడుకోవాలనుకోకూడదు. మూసిన తలుపు అగ్గిని, పొగను చాలాసేపు ఆపుతుంది. తలుపు మూసే పడుకోవాలి. అలారాన్ని మాత్రం గది లోపలికి తేవాలి.

ఇప్పుడు ఏర్పాటు ఎలా ఉండాలో చూద్దాం. శాలిబండలో ఒక ఇల్లు అనుకుందాం. కింద బట్టల దుకాణం, దాని పక్కనే మెట్లు, మెట్ల కింద ఇన్వర్టర్ బ్యాటరీ. మొదటి అంతస్తులో నాయనమ్మ, తాతయ్య, వంటగది. రెండో అంతస్తులో అన్నదమ్ముల రెండు కుటుంబాలు. ఏసీలు మూడు, కూలరు ఒకటి, ఎగ్జాస్టులు మూడు. బోనాల వారం వస్తే ఇంకో పదిమంది చుట్టాలు.

మొదటి పని, ఎక్కడెక్కడ పొగ అలారాలు కావాలో తేల్చడం. దుకాణంలో ఒకటి, మెట్ల కింద మీటర్లు, బ్యాటరీ ఉన్న చోట ఒకటి, ప్రతి అంతస్తులో మెట్లు ఎక్కగానే ఒకటి, ప్రతి పడకగదిలో ఒకటి. అన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. దుకాణంలో పొగ వస్తే రెండో అంతస్తు పడకగదిలో మోగాలి. గుల్జార్ హౌజ్ లాంటి ఇళ్లకు, అంటే కింద వ్యాపారం, పైన కాపురం ఉన్నచోట్ల, ఈ కలయిక లేని అలారం ఉన్నా లేనట్టే. దుకాణం వేరేవాళ్లదైనా సరే, అద్దె ఒప్పందంలోనే ఈ సంగతి రాయించుకోవడం మంచిది.

అలారాన్ని ఏసీ గాలి తగిలే చోట పెట్టకూడదు. ఆ గాలి పొగను అలారం దరికి రానివ్వదు. కనీసం ఒక మీటరు ఎడం ఉండాలి. ఫ్యాను రెక్కల పక్కన, గోడా కప్పూ కలిసే మూలలో కూడా వద్దు. వంటగదిలో పొగ అలారం అసలే వద్దు. పోపు వేసిన ప్రతిసారీ మోగుతుంది. అక్కడ వేడికి స్పందించే డిటెక్టర్ పెట్టాలి. సుమారు 57 డిగ్రీల దగ్గర పనిచేసే రకాలు దొరుకుతాయి. పూజగదిలో అగరుబత్తి, శుక్రవారం సాంబ్రాణి, పక్కింట్లో లోబాన్, ఇవన్నీ పాతబస్తీ గాలిలో భాగమే. పొగ అలారాన్ని వీటికి మూడు మీటర్ల దూరంలో ఉంచాలి. రెండుసార్లు అనవసరంగా మోగి, రెండుసార్లు ఏసీలు ఆగితే మూడోసారి ఇంట్లో ఎవరో ఒకరు దాని బ్యాటరీ పీకేస్తారు. అలారాలు పనికిరాకుండా పోయే దారుల్లో ఇది అన్నింటికన్నా మామూలుది.

రెండో పని డి.బి. బాక్సు దగ్గర, అంటే ఇంట్లో లైన్లకు కరెంటు పంచే పెట్టె దగ్గర. ఏసీలు, కూలరు, గీజర్లు, ఎగ్జాస్టులు ఒక గుంపుగా వేరే డి.బి.లోకి రావాలి. లైట్లు, ఫ్యాన్లు ఇంకో దాంట్లో. పాత ఇంట్లో దీనికి కొంత వైరింగ్ తిరగవేయక తప్పదు. ఎలాగూ ఏసీకి వేరే లైను, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సరైన ఎర్తింగ్ అవసరమే కాబట్టి ఆ ఖర్చు వృథా పోదు. ఏసీలు పెరిగినప్పుడు విద్యుత్ సంస్థ దగ్గర మంజూరైన లోడు కూడా పెంచించుకోవాలి. మెయిన్ దగ్గర 300 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉంటే తీగల్లో లీకేజీ పెరిగి మంటకు దారి తీసే లోపే కరెంటు తెగుతుంది. మనిషికి షాక్ కొట్టకుండా కాపాడేది 30 మిల్లీ ఆంపియర్లది. రెండూ వేరువేరు పనులు చేస్తాయి, ఒకటి ఉంది కదా అని రెండోది మానుకోకూడదు.

ఇక అలారానికీ ఆ డి.బి.కీ ముడి వేయాలి. అలారం ప్యానెల్‌లో గాని, కలిసి మోగే అలారాలకు జోడించే మాడ్యూల్‌లో గాని రిలే ఉంటుంది. అలారం మోగగానే మీట మార్చే చిన్న స్విచ్చు అది. ఆ రిలేలోంచి ఏసీ కరెంటును నేరుగా పంపించడం పెద్ద తప్పు. చాలా రిలేలు ఒకటి రెండు ఆంపియర్లకే, అదీ 24 లేదా 30 వోల్టులకే తట్టుకుంటాయి. ఏడెనిమిది ఆంపియర్ల ఏసీ దానిలోంచి నడిస్తే రిలేనే అంటుకుంటుంది. రిలే ఆజ్ఞ మాత్రమే ఇవ్వాలి. బరువు మోసేది వేరేది కావాలి.

ఆ వేరేది రెండు రకాలు. ఒకటి కాంటాక్టర్. పొలం దగ్గర బోరు మోటారు స్టార్టర్‌లో ఉండేది ఇదే. పచ్చ బటన్ నొక్కితే పట్టుకుంటుంది, కరెంటు పోతే వదిలేస్తుంది, మళ్లీ నొక్కేదాకా మోటారు తిరగదు. ఏసీల డి.బి.కి ఇది పెడితే భద్రత గట్టిదే. కానీ వేసవి రాత్రి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి కిందికి దిగి బటన్ నొక్కాలి. వారం తిరగకముందే ఇంటివాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి దాన్ని తప్పించి నేరుగా కలిపించుకుంటారు.

ఇంటికి ఎక్కువ నప్పేది రెండోది, షంట్ ట్రిప్. డి.బి.లో ఎం.సి.బి. అనే ఆటోమేటిక్ స్విచ్చు పక్కన బిగించే చిన్న కాయిల్ ఇది. అలారం రిలే నుంచి కరెంటు అందిన క్షణం ఎం.సి.బి. మీటను పడగొడుతుంది. మామూలు కరెంటు కోతతో దీనికి సంబంధం లేదు. కరెంటు లేని సమయంలో అలారం మోగిందనుకుందాం, అప్పుడు ఏసీ ఎలాగూ ఆగే ఉంటుంది. అలారం మోగుతుండగా కరెంటు వస్తే మీట వెంటనే పడుతుంది. తర్వాత ఒక మనిషి వెళ్లి, కళ్లతో చూసి, చేత్తో మీట ఎత్తితే తప్ప ఏసీ రాదు. ఆ చివరి మాట చాలా ముఖ్యం. అలారం ఆగగానే ఏసీ తనంతట తాను తిరగడం మొదలుపెట్టే ఏర్పాటును ఒప్పుకోకూడదు.

వైరింగ్ చేసేవాళ్లకు రెండు మాటలు చెప్పాలి. 230 వోల్టుల కాయిల్ వాడితే, దాని కరెంటును ఆ ఎం.సి.బి. దాటిన తర్వాతి వైపు నుంచి తీసుకోవాలి. అప్పుడు మీట పడగానే కాయిల్‌కూ కరెంటు ఆగి, అది కాలిపోదు. అలారం రిలే ఆ వోల్టేజీకి తట్టుకోనిదైతే నడుమ ఇంకో రిలే వేయాలి. సామానంతా కోఠి ట్రూప్ బజార్‌లో దొరుకుతుంది. పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ చేతే చేయించాలి.

వై-ఫై అలారం, స్మార్ట్ ప్లగ్, ఫోనులో యాప్ ఉంటే చాలు కదా అనే కుర్రాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. ఫోనుకు కబురు రావడం మంచిదే, ఊళ్లో లేనప్పుడు మరీ మంచిది. కానీ కరెంటు పోతే రౌటర్ ఆగుతుంది, రౌటర్ ఆగితే కబురు ఆగుతుంది. రిమోట్ సంకేతంతో ఏసీని ఆపితే దాని ఫ్యాను ఆగుతుందే తప్ప తీగలో కరెంటు అలాగే ఉంటుంది. ప్రాణం కాపాడాల్సిన పనిని తీగల మీదే నడపాలి, యాప్‌ను తోడుగా పెట్టుకోవచ్చు.

ఆపకూడనివి ఏవో ఆపాల్సినవాటంత జాగ్రత్తగా రాసుకోవాలి. అలారం మోగగానే మెయిన్ కొట్టేస్తే ఇల్లంతా చీకటి. పొగలో, చీకట్లో, మీటరు వెడల్పు మెట్ల మీద ముసలివాళ్లూ పిల్లలూ దిగలేరు. మెట్ల లైట్లు వెలుగుతూనే ఉండాలి, వాటికి బ్యాటరీ లైటు తోడుండాలి. ప్రధాన ద్వారానికి ఎలక్ట్రానిక్ తాళం ఉంటే లోపలి నుంచి కరెంటు లేకుండానే తెరుచుకోవాలి. కింద దుకాణానికి మోటారు షట్టర్ ఉండి, బయటికి దారి అదే అయితే, చేత్తో ఎత్తే ఏర్పాటు తప్పనిసరి.

ఇన్వర్టర్ సంగతి దాదాపు అందరూ మరిచిపోయేది. కరెంటు ఆగిందనుకున్న తీగల్లోకి అది తన కరెంటును పంపుతూనే ఉంటుంది. ఎగ్జాస్టులు, కూలరు ఇన్వర్టర్ లైను మీద ఉంటే ఏసీల డి.బి. పడిపోయినా అవి తిరుగుతూనే ఉంటాయి. వాటిని ఆ లైను నుంచి తప్పించాలి. ఇక మెట్ల కింద బ్యాటరీ. ఇంటికి ఉన్న ఒకే ఒక్క దారి కింద మంటకు మూలం కాగల వస్తువును పెట్టుకోవడం అది. ఎలక్ట్రిక్ స్కూటర్‌ను రాత్రంతా అక్కడే ఛార్జింగ్‌కు పెట్టడమూ అంతే. ఈ అధ్యాయంలో చెప్పినవాటిలో ఖర్చు లేకుండా ఇవాళే చేయగల పని ఆ రెంటినీ అక్కడి నుంచి తీసేయడం.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల ఇళ్లలో లెక్క వేరు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనైనా, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనైనా ఒకే యంత్రం ఇల్లంతటికీ గొట్టాల గుండా వేడి గాలిని, చల్ల గాలిని పంపుతుంది. బేస్‌మెంట్‌లో పుట్టిన పొగను అదే పడకగదులకు చేర్చగలదు. అందువల్ల అక్కడ అలారంతో యంత్రాన్ని ఆపడానికి అర్థం ఇంకా ఎక్కువ. పని కూడా తేలిక. థర్మోస్టాట్‌కు వెళ్లేది 24 వోల్టుల కరెంటే. కలిసి మోగే అలారాలకు జోడించే రిలే మాడ్యూల్‌లో మామూలుగా మూసి ఉండే కొసల గుండా ‘ఆర్’ అనే తీగను పంపిస్తే, అలారం మోగగానే ఆ తీగ తెగి యంత్రం ఆగుతుంది. ఒక చిక్కుంది. సంక్రాంతికి ఇండియా వచ్చినప్పుడు అక్కడ తప్పుడు అలారం మోగి, హీటరు ఆగి, అలాగే ఉండిపోతే గడ్డకట్టే చలికి నీళ్ల పైపులు పగులుతాయి. అందుకే ఫోనుకు కబురు వచ్చే ఏర్పాటు, పక్కింటివాళ్ల దగ్గర ఒక తాళంచెవి అవసరం. గ్యాస్ హీటరు ఉన్న ఇంటికి కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరుగా ఉండాలి.

ఏసీ ఆగింది, అందరూ లేచారు. తర్వాత ఎటు? పాతబస్తీకి ఉన్న ఒక వరం డాబాలు. ఒక ఇంటి డాబా మీంచి ఇంకో ఇంటి డాబా మీదికి పతంగుల కాలంలో పిల్లలు దాటుతూనే ఉంటారు. డాబా తలుపుకు రాత్రి తాళం వేసే అలవాటుంటే, తాళంచెవి ఆ తలుపు పక్కనే మేకుకు వేలాడాలి, అమ్మ కొంగున కాదు. అటు దాటవచ్చునా అని పక్కింటివాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. కిటికీ గ్రిల్లుల్లో అంతస్తుకు ఒకటైనా లోపలి నుంచి తెరుచుకునేదిగా చేయించాలి. మెట్ల మీద అప్పటికే పొగ కమ్మి ఉంటే పైకీ కిందికీ వెళ్లే ప్రయత్నం వద్దు. గది తలుపు మూసి, సందులో తడిగుడ్డ కుక్కి, వీధి వైపు కిటికీ దగ్గరికి చేరి 101కి గాని 112కి గాని ఫోను చేయాలి. గల్లీ పేరు, దగ్గరి గుడో మసీదో, పెద్ద బండి ఎంతవరకు రాగలదో చెప్పాలి. ఆ గదిలో ఎగ్జాస్టు తిరగకుండా ఉండటం ఎంత అవసరమో అప్పుడు తెలుస్తుంది.

ఈ ఏర్పాటును పరీక్షించడానికి మంచి రోజు ఉగాదికి ముందు ఏసీ సర్వీసింగ్‌కు మెకానిక్ వచ్చే రోజు. అన్ని ఏసీలూ, కూలరూ నడుస్తుండగా మెట్ల దగ్గరి అలారం పరీక్ష బటన్ నొక్కాలి. కొన్ని రకాల్లో ఆ బటన్ మోత పెడుతుందే తప్ప రిలేను కదిలించదు. అప్పుడు పరీక్షకు అమ్మే స్ప్రే వాడాలి. అన్ని గదుల్లో మోగిందా, ఏసీల మీట పడిందా, ఎగ్జాస్టులు ఆగాయా, మెట్ల లైటు వెలుగుతూనే ఉందా అన్నది ఒక్కో అంతస్తులో ఒకరు నిలబడి చూడాలి. తర్వాత మెయిన్ ఆపి, ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి. అలారం మీద తయారైన తేదీ ఉంటుంది, పదేళ్లు దాటితే కొత్తది కొనాలి. ఏ మీట దేనిదో తెలుగులో రాసి డి.బి. తలుపు లోపల అతికించాలి. ఇంట్లో చదువు రాని పెద్దవాళ్లుంటే షంట్ ట్రిప్ ఉన్న మీటకు ఎర్ర రంగు పూయాలి. పొగ లేదని చూసుకున్నాకే దాన్ని పైకి ఎత్తాలని వాళ్లకు చేసి చూపించి, ఒకసారి వాళ్ల చేతే ఎత్తించాలి.